ఎర్మ్, కేఎస్‌జీఏ రెండింటికీ కౌంట్లు రావడం లేదు, ఎంజైమ్ పోయిందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం రెండు మిథైల్‌ట్రాన్స్‌ఫరేజ్‌లు (ఆర్‌ఎన్‌ఏకి మిథైల్ తగిలించే ఎంజైమ్‌లు) ప్యూరిఫై చేశాను, ఒకటి ఈ. కోలై కేఎస్‌జీఏ, ఇంకోటి ఎర్మ్-సీ. జెల్ మీద రెండూ ఒక్కో బ్యాండ్‌గా శుభ్రంగానే ఉన్నాయి. ట్రైటియం లేబుల్ ఉన్న ఎస్-అడినోసిల్ మెథియొనిన్ (సామ్, మిథైల్ ఇచ్చే అణువు) వేసి, కేఎస్‌జీఏకి మామూలు ఈ. కోలై నుంచి తీసిన 30ఎస్ (రైబోజోమ్ చిన్న భాగం), ఎర్మ్‌కి అదే బ్యాచ్ 50ఎస్ (పెద్ద భాగం) ఇచ్చాను. మూడుసార్లు చేశా, ఫిల్టర్ మీద రేడియోధార్మికత కౌంట్లు ఎంజైమ్ వేయని ట్యూబ్‌తో సమానంగానే వస్తున్నాయి. ఇంకో సందేహం కూడా ఉంది. రెండూ అడినీన్ ఎన్6 మీద రెండేసి మిథైల్స్ పెట్టేవే కదా, మరి ఎర్మ్ ఉంటే ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ పని చేయదు, కేఎస్‌జీఏ లేకపోతే కసుగామైసిన్ అనే యాంటీబయాటిక్ పని చేయదు, ఇలా తిరగబడిందేంటి? వచ్చే వారం సెమినార్, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
తమ్ముడూ, ఎంజైమ్‌ని అనుమానించే ముందు దానికి ఏం ఇచ్చావో చూడు. మామూలు స్ట్రెయిన్ 30ఎస్‌లో ఉండే 16ఎస్ ఆర్‌ఎన్‌ఏలో 1518, 1519 స్థానాల అడినీన్ల మీద మిథైల్స్ ఆ కణంలో ఉన్న కేఎస్‌జీఏ ఎప్పుడో పెట్టేసింది, కొత్తగా పెట్టడానికి చోటు లేదు, కౌంట్లు ఎక్కడి నుంచి వస్తాయి? కేఎస్‌జీఏ జీన్ తీసేసిన స్ట్రెయిన్ నుంచి 30ఎస్ తియ్యి. సరైన స్ట్రెయినే దొరికిందో లేదో కసుగామైసిన్ ప్లేట్ మీద తెలిసిపోతుంది, అది పెరగాలి, మామూలుది పెరగకూడదు.

ఎర్మ్ సంగతి ఇంకోటి. 23ఎస్ ఆర్‌ఎన్‌ఏలోని 2058 అడినీన్ పూర్తయిన 50ఎస్‌లో పెప్టైడ్ బయటికొచ్చే సొరంగం గోడలో ఉంటుంది, అక్కడికి ఎర్మ్ చేరలేదు. కణంలో అది 23ఎస్ తయారవుతుండగానే, ప్రొటీన్లు పూర్తిగా చుట్టుకోకముందే పని ముగిస్తుంది. కాబట్టి దానికి ప్రొటీన్లు తీసేసిన 23ఎస్ ఇవ్వు, లేదా ఐదో డొమైన్ ముక్కని ట్రాన్స్‌క్రిప్షన్ చేసి ఇచ్చినా చాలు. కేఎస్‌జీఏకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, ఒట్టి 16ఎస్‌ని అది పట్టించుకోదు, కొన్ని ప్రొటీన్లు ఎక్కి 30ఎస్ రూపం వచ్చాకే పని మొదలుపెడుతుంది. మెగ్నీషియం తక్కువగా ఉన్నప్పుడు 30ఎస్ తీసుకునే నిష్క్రియ రూపం దానికి బాగా నచ్చుతుంది, ఆ బఫర్ ఒకసారి సరిచూసుకో.

జవాబు 2:
రెండో సందేహానికి నేను చెప్తాను. కెమిస్ట్రీ ఒకటే అయినా మిథైల్ ఎక్కడ పడిందన్నదే లెక్క. ఎరిత్రోమైసిన్‌కి డెసోసమీన్ అనే చక్కెర ఉంది, అది సొరంగంలో సరిగ్గా 2058 దగ్గర సర్దుకుంటుంది. ఎర్మ్ అక్కడ రెండు మిథైల్స్ పెడితే ఆ చక్కెరకి చోటుండదు. క్లిండమైసిన్, స్ట్రెప్టోగ్రామిన్-బీ కూడా అదే చుట్టుపక్కల కూర్చునేవి, అందుకే ఒక్క ఎంజైమ్‌తో మూడు రకాల మందులు పోతాయి. కేఎస్‌జీఏ కథ వేరు. కసుగామైసిన్ 1518, 1519 మీద కూర్చోదు, ఎంఆర్‌ఎన్‌ఏ వెళ్లే దారిలో 794, 926 దగ్గర ఉంటుంది. మిథైల్స్ లేకపోతే ఆ భాగమంతా అమరిక కొంచెం మారుతుంది, దాంతో మందు పట్టు సడలుతుంది. ఒకచోట మిథైల్ నేరుగా అడ్డం పడుతోంది, ఇంకోచోట దూరం నుంచి ఆకారాన్ని నిలబెడుతోంది. సెమినార్‌లో ఈ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టు.

ప్రశ్న:
చాలా థాంక్స్ సార్, మేడమ్. స్ట్రక్చర్ చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి, మరి ఒకటి ఒట్టి ఆర్‌ఎన్‌ఏని, ఒకటి 30ఎస్‌ని ఎలా ఎంచుకుంటున్నాయి?

జవాబు 2:
అన్నదమ్ములే. ఎన్-టెర్మినల్ వైపు రాస్‌మన్ ఫోల్డ్, అంటే మధ్యలో ఏడు బీటా తంతువుల షీట్, రెండు పక్కలా హెలిక్స్‌లు, సామ్ కూర్చునేది అక్కడే. నాలుగో మోటిఫ్ చూడు, కేఎస్‌జీఏలో ఆస్పరజీన్-లూసీన్-ప్రోలీన్-టైరొసీన్, ఎర్మ్-సీలో లూసీన్ బదులు ఐసోల్యూసీన్. ఆర్‌ఎన్‌ఏలోంచి బయటికి తిరిగిన అడినీన్ తాలూకు ఎన్6ని ఆస్పరజీన్, దాని పక్కనున్న లూసీన్ (ఎర్మ్-సీలో ఐసోల్యూసీన్) హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని సామ్ మిథైల్‌కి ఎదురుగా నిలబెడతాయి. తేడా అంతా సబ్‌స్ట్రేట్ పట్టుకునే ఉపరితలాల్లో ఉంది, సి-టెర్మినల్ చిన్న డొమైన్‌తో కలిపి. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఒకటి ఉంది, కేఎస్‌జీఏలో 66వ గ్లుటామేట్‌ని అలనీన్‌గా మారిస్తే అది మిథైల్ పెట్టలేదు, కానీ 30ఎస్‌ని వదలదు, దాంతో కణం పెరుగుదల బాగా దెబ్బతింటుంది. ఎంజైమ్ అసలు లేనప్పటికంటే పనిచేయని ఎంజైమ్ ఉన్నప్పుడే నష్టం ఎక్కువ, అంటే ఈ ప్రొటీన్ 30ఎస్ తయారీలో ఒక తనిఖీ గేటులా కూడా ఉందన్నమాట.

ఇంకొకరు:
మధ్యలో అడుగుతున్నా, సీఎఫ్ఆర్ అని ఇంకో మిథైల్‌ట్రాన్స్‌ఫరేజ్ ఉంది కదా, అది కూడా ఇదే కుటుంబమా?

జవాబు 1:
కాదండీ. అది 2503 అడినీన్‌లో సి8 అనే కార్బన్ మీద మిథైల్ పెడుతుంది, కార్బన్ మీద అంత తేలిగ్గా కుదరదు కాబట్టి నాలుగు ఐరన్, నాలుగు సల్ఫర్ ఉన్న క్లస్టర్‌తో రాడికల్ పుట్టిస్తుంది, ఒక్కో మిథైల్‌కి రెండు సామ్‌లు ఖర్చు. లినెజోలిడ్‌ని కూడా దెబ్బతీస్తుంది. దాని గురించి వేరే ప్రశ్న పెట్టండి, విడిగా మాట్లాడుకుందాం.

ప్రశ్న:
కౌంట్లు వచ్చాయే అనుకుందాం, అవి సరైన చోటే పడ్డాయని ఎలా చూపించాలి?

జవాబు 1:
ప్రైమర్ ఎక్స్‌టెన్షన్ చెయ్యి, అంటే చిన్న డీఎన్‌ఏ ప్రైమర్ నుంచి రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌తో ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా కాపీ చేయించు. ఎన్6 మీద రెండు మిథైల్స్ ఉంటే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ దాటలేదు, ఎర్మ్ ఆర్‌ఎన్‌ఏలో 2059 దగ్గరే ఆగి బ్యాండ్ కనిపిస్తుంది. ఒకటే మిథైల్ ఉంటే మాత్రం దాటేస్తుంది, కాబట్టి కౌంట్లు ఉండి బ్యాండ్ లేకపోతే కంగారుపడకు, రియాక్షన్ సగంలో ఆగిందేమో చూసి ఇంకాసేపు నడిపించు. కేఎస్‌జీఏతోనే చిక్కు. ఈ. కోలై 16ఎస్ పొడవు 1542, అంటే 1519 తర్వాత మిగిలింది 23 బేస్‌లే. 18 బేస్‌ల ప్రైమర్‌ని సరిగ్గా తోక చివర పెడితే 1525 దాకా అదే పట్టుకుంటుంది, ఆగేలోపు చేరేవి 5 మాత్రమే. ప్రైమర్ 18 దగ్గర, బ్యాండ్ 23 దగ్గర, కాబట్టి గాఢత ఎక్కువున్న సీక్వెన్సింగ్ జెల్ తప్పనిసరి. నీ దగ్గరున్న మామూలు స్ట్రెయిన్ 30ఎస్ పారేయకు, దాని ఆర్‌ఎన్‌ఏనే ఇక్కడ పాజిటివ్ కంట్రోల్.