‘ఆసులో కండెలా తిరగడం’: ఈ పలుకుబడి ఎవరికి వర్తిస్తుంది?

ప్రశ్న: ఈమధ్య చదివిన ఒక కథలో, పనీపాటా లేక ఊరంతా చుట్టబెట్టే కుర్రవాణ్ణి ‘ఆసులో కండెలా తిరుగుతున్నాడు’ అని వర్ణించారు. మా ఇంట్లో మాత్రం, పెళ్ళిపనుల్లో వంటింటికీ వాకిటికీ మధ్య క్షణం తీరిక లేకుండా తిరిగే మా పెద్దమ్మను అలా అనేవారు. ఈ రెండింటిలో సరైన ప్రయోగం ఏది? ఆసు అంటే మగ్గమేనా? కండె, నాడె ఒకటేనా? తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.

జవాబు: అమ్మా, మీ ఇంటివారి ప్రయోగమే సరైనది. కారణం నిఘంటువులో కన్నా నేతపనిలోనే స్పష్టంగా కనిపిస్తుంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆసు మగ్గం కాదు. మగ్గం మీద పడుగు (నిలువు) పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తేది నాడె. ఆ నాడె కడుపులో పేక (అడ్డం) నూలు చుట్టి పెట్టిన చిన్న గొట్టం కండె. ఈ దృశ్యం అందరికీ పరిచయమే కాబట్టి, పలుకుబడిలోని కండె కూడా మగ్గం మీది కండేనని చాలామంది అనుకుంటారు. అయితే మాట ‘మగ్గంలో కండె’ అని కాక ‘ఆసులో కండె’ అని ఉంది. నూలు మగ్గం ఎక్కకముందే దాన్ని వరుస తప్పకుండా, కొలత తప్పకుండా పరిచి పెట్టే సాధనం ఆసు. ఆ పనిని ఆసుపోయడం అంటారు, తెలంగాణ పలుకులో ఆసుపోసుడు. కొన్ని ఇళ్ళలో ‘ఆసులో గొట్టంలా’ అని కూడా అంటారు. నూలు చుట్టిన గొట్టమే కండె కాబట్టి అర్థంలో తేడా ఏమీ లేదు.

ఈ పని ఎలా ఉంటుందో పోచంపల్లి ప్రాంతపు చిట్కి నేతను చూస్తే తెలుస్తుంది. నగరవాసులు ఇక్కత్ అనే ఈ నేతలో పువ్వూ తీగా మగ్గం మీద పుట్టవు, నూలు మీదే పుడతాయి. పేక నూలును ముందుగా అర్ధచంద్రాకారపు ఆసు మీద పరుస్తారు. మధ్యలో ఒక మేకు ఉంటుంది, దానికి సుమారు ఒక మీటరు దూరంలో వంపు వెంబడి వరుసగా మేకులుంటాయి. నూలు పట్టుకున్న చెయ్యి మధ్య మేకు నుంచి వంపు దాకా వెళ్ళి, అక్కడి మేకును చుట్టి, తిరిగి మధ్యకు రావాలి. ఒక మేకుకు నిర్ణయించిన చుట్లు పూర్తయ్యాక పక్క మేకుకు జరగాలి. ఒక్క చీరకు చెయ్యి ఇలా దాదాపు 9,000 సార్లు తిరుగుతుంది, అందుకు నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు ఆసుపోసే ఇంట్లో ఆ లెక్క 18,000కు చేరుతుంది. ఇది ఎక్కువగా ఆడవాళ్ళు చేసే పని. ఆ తరువాతే ఆ నూలు మీద నమూనా గీసి, పాత సైకిల్ ట్యూబులను సన్నని పీలికలుగా కోసి, రంగు అంటకూడని చోటల్లా వాటితో బిగించి కట్టి, అద్దకం వేస్తారు. (అద్దకానికి సైకిల్ ట్యూబు వాడవచ్చని మొదట ఎవరికి తోచిందో గాని, అది నేతగాళ్ళ ఇళ్ళలోనే పుట్టిన ఆలోచన అనిపిస్తుంది.) రంగు ఆరిన నూలును అదే వరుసలో విప్పి కండెలకు చుడతారు, అప్పుడు గాని అది నాడెలోకి రాదు. ఆసులో వరుస తప్పితే మగ్గం మీద పువ్వు అంచు చెదిరిపోతుంది.

కాబట్టి ఆసులో జరిగే తిరుగుడులో ఉబుసుపోక అన్నది లేదు. ప్రతి రాకకూ పోకకూ ఒక లెక్క, ఒక గమ్యం, ఒక మలుపు ఉన్నాయి. ‘కాలుగాలిన పిల్లి’ కూడా నిలకడగా ఉండదు, అయితే దానిది ఆందోళన. ‘గానుగెద్దు’ కూడా రోజంతా తిరుగుతుంది, అయితే ఎంత తిరిగినా ఉన్నచోటే ఉండటం దాని లక్షణం. పని సాగుతూ ఉండగా, ఆ పని కోసమే, రెండు చోట్ల మధ్య ఆగకుండా తిరగడాన్ని చెప్పేది ‘ఆసులో కండె’ ఒక్కటే. ఊరంతా చుట్టబెట్టే కుర్రవాడికి బలాదూరు తిరగడం, వీధులు కొలవడం వంటి మాటలు మనకు ఎన్నో ఉన్నాయి. కథకుడు వాటిలో ఒకటి ఎంచుకొని ఉండవలసింది.

ఈ తిరుగుడుకు కచ్చితమైన లెక్క ఉన్నదనడానికి నా దృష్టిలో గట్టి సాక్ష్యం చింతకింది మల్లేశం చేసిన యంత్రం. ఆయనది ఆలేరు మండలంలోని శారాజీపేట, అప్పటి నల్లగొండ జిల్లా, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా. చదువు ఆరో తరగతితో ఆగింది. తల్లి లక్ష్మి ఆసుపోసి పోసి భుజం నొప్పితో బాధపడటం చూసి, చెయ్యి చేసే ఈ పనిని యంత్రం చేత చేయించాలని 1992లో పూనుకొన్నారు. ఆయన వద్ద ఇంజినీరింగు పాఠం లేదు, మొత్తం యంత్రం ఎలా ఉంటుందో చూపే పటమూ లేదు. ఉన్నదల్లా, పుట్టినప్పటి నుంచి కళ్ళెదుట చూసిన ఆ కదలిక. దాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు చెక్కతోనో ఇనుముతోనో ఒక జవాబు వెతుకుతూ పోయారు. అప్పులు పెరిగాయి, ఊళ్ళో నవ్వినవాళ్ళూ ఉన్నారు. హైదరాబాదుకు వచ్చి కరెంటు పనులు చేస్తూ, మిగిలిన డబ్బుతోనూ వేళతోనూ పని కొనసాగించారు. పోగు మేకును చుట్టి రావడం అన్న చివరి చిక్కుకు బాలానగర్‌లో వేరే పనికి వాడే ఒక యంత్రపు కదలిక చూసినప్పుడు దారి దొరికిందని ఆయనే చెప్పారు. 1999లో యంత్రం పనిచేసింది. నాలుగైదు గంటల ఆసు గంటన్నరకు వచ్చింది. దానికి తల్లి పేరు కలిపి లక్ష్మీ ఆసు యంత్రం అని పెట్టారు. గ్రామీణ ఆవిష్కర్తలకు తోడ్పడే పల్లె సృజన సంస్థ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆ యంత్రాన్ని బయటి ప్రపంచానికి పరిచయం చేశాయి, పేటెంటు వచ్చింది, తరువాతి రకాలలో ఎలక్ట్రానిక్ నియంత్రణ చేరింది, 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

గమ్యం లేని తిరుగుడును ఎవరూ యంత్రానికి నేర్పలేరు. ఆసుపోసే చెయ్యి ఎంత దూరం వెళ్ళి, ఎక్కడ మలుపు తిరిగి, ఎన్నిసార్లకు పక్కకు జరుగుతుందో ఆ పని ఇంట్లోనే చూస్తూ పెరిగినవాడికి తెలుసు గనుకనే, అది మరలకూ మోటారుకూ లొంగింది. ఇటువంటి పనులను పత్రికలు ‘జుగాడ్’ అని మెచ్చుకోవడం నాకు రుచించదు. ఆ హిందీ మాట, అప్పటికప్పుడు ఉన్నదానితో గట్టెక్కే ఉపాయానికి సరిపోతుంది. సైకిల్ ట్యూబు పీలికకు కావాలంటే వాడుకోవచ్చు. ఏడేళ్ళు పట్టి, నేత ఇళ్ళలో నిలిచి పనిచేస్తున్న యంత్రానికి ఆ మాట చిన్నది.

మరో సభ్యుడి ప్రశ్న: మాస్టారూ, చేతితో ఆసుపోయడం తగ్గిపోతున్నప్పుడు ఈ పలుకుబడికి కాలం చెల్లినట్టే కదా?

జవాబు: బాబూ, అలా అనుకోనవసరం లేదు. గానుగలు కనుమరుగైన ఊళ్ళలో కూడా గానుగెద్దు మాటల్లో బతికే ఉంది. పైగా ఇక్కడ యంత్రం ఆసు అన్న మాటను తన పేరులోనే నిలుపుకొంది. మల్లేశం దానికి ఏదో ఇంగ్లీషు పేరు తగిలించి ఉంటే, నేతపని తెలియని మనబోటివారికి ఈ చర్చ చేసే అవసరమే కలిగేది కాదేమో. యంత్రంలోనూ పోగు మధ్య మేకుకూ వంపు మేకులకూ నడుమ అలాగే తిరుగుతోంది కాబట్టి ఉపమానం చెడలేదు. మారేది ఒక్క ఛాయ మాత్రమే: పాత వాడుకలో ‘పాపం, ఎంత అలసిపోతోందో’ అన్న జాలి కూడా కలిసి ఉండేది, మోటారు తిప్పే పోగును చూసినవారికి ఆ జాలి తోచదు, తీరికలేనితనం ఒక్కటే తోస్తుంది. పాతకాలం నేపథ్యంగా కథ రాసేవారు ఆ జాలిని వదలకుండా వాడితే బాగుంటుంది.

తేలియా రుమాళ్ళు (నూనె పట్టించిన నూలుతో చేసే చిట్కి నేత రుమాళ్ళు) నేసిన చీరాల, పుట్టపాక కుటుంబాలవారు ఈ గుంపులో ఉంటే, మీ ఇళ్ళలో ఈ సాధనాన్నీ ఈ పనినీ ఏ మాటలతో పిలుస్తారో, ‘ఆసులో కండె’ అన్న పోలికను ఎవరి గురించి వాడతారో దయచేసి ఇక్కడే రాయండి.