ఖాళీ సమాధి చూసి పిల్లాడు ఏడ్చాడు, ఈసారి ఏం చేయించను?

కొత్తటీచర్

అందరికీ వందనాలు. తెనాలి పక్కన పల్లెలో మా చర్చిలో సండే స్కూల్ చూస్తుంటాను. నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలు 14 మంది. ఈసారి ఈస్టర్ ఏప్రిల్ 5న కదా, వాళ్లచేత ఏదైనా తయారు చేయించి పునరుత్థానం కథ చెప్పాలని ఉంది. నిరుడు చేయించింది బెడిసికొట్టింది, అందుకే ముందే అడుగుతున్నాను.

నిరుడు థర్మోకోల్ డబ్బాకి మట్టిరంగు వేసి సమాధి చేశాం. బట్టల క్లిప్పుకి తెల్లగుడ్డ చుడితే యేసయ్య బొమ్మ. గుడ్ ఫ్రైడే నాడు పిల్లలే బొమ్మని లోపల పెట్టి మూత వేశారు. శనివారం రాత్రి నేను దాన్ని తీసి చర్చి బీరువాలో దాచాను. ఆదివారం తెల్లవారుజామున ఆరాధన అయ్యాక మూత తీయించి, "చూశారా, లేడు! లేచాడు!" అన్నాను, పెద్ద గొంతేసుకుని. ఐదేళ్లవాడొకడు డబ్బాలో చెయ్యి పెట్టి తడిమాడు. చాప ఎత్తి చూశాడు. "మా యేసయ్యని ఎవరో తీసేశారు" అని ఒకటే ఏడుపు. వాణ్ణి చూసి ఇంకో ఇద్దరు మొదలెట్టారు. పోనీ బొమ్మ చూపిద్దామంటే బీరువా తాళం అయ్యగారి (మా పాస్టరు) దగ్గర, ఆయనేమో పక్క ఊరి ఆరాధనకి వెళ్లిపోయారు. తల్లులు నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

రెండు ముక్కలుగా తెరుచుకునే ప్లాస్టిక్ గుడ్లు ఆన్‌లైన్‌లో చూశాను, లోపల ఈ కథకి సంబంధించిన చిన్న చిన్న వస్తువులు ఉంటాయి, చివరిది ఖాళీ సమాధికి గుర్తుగా ఖాళీ. అంతమందికి కొనడం మావల్ల కాదు. పైగా గుడ్డుకీ ఈస్టర్‌కీ సంబంధమేంటని మా ఊళ్లో అడిగితే అదో కథ చెప్పాలి. ఇంట్లో దొరికేవాటితో అయ్యేది చెప్పండి. ఒంటిపూట బడులు కాబట్టి మధ్యాహ్నాలు పిల్లలు ఖాళీయే.

అంగన్‌వాడీ_అక్క

చెల్లీ, ఆ పిల్లాణ్ణి ఏమీ అనకు. యోహాను సువార్త 20వ అధ్యాయం తీసి చూడు. యేసయ్య వెంట నడిచిన మగ్దలేనే మరియ ఖాళీ సమాధి దగ్గర నిలబడి అచ్చం వాడిలాగే ఏడ్చింది, నా ప్రభువుని ఎవరో ఎత్తుకుపోయారు, ఎక్కడ పెట్టారో తెలీదని. అంత మనిషికే అక్కడ సంతోషం రాలేదు, ఐదేళ్లవాడికి ఎలా వస్తుంది? నువ్వు కథ సగంలో ఆపేశావు. మరియ వెనక్కి తిరిగితే ఆయన అక్కడే ఉన్నాడు. తోటమాలి అనుకుంది. ఆయన పేరు పెట్టి పిలిచాక గుర్తుపట్టింది. పిల్లలకి కావాల్సింది ఆ ముక్క.

అందుకని సమాధి ఒక్కటే కాదు, తోట చేయించు. సిలువ వేసిన చోట ఒక తోట ఉందని, అందులో కొత్త సమాధి ఉందని యోహానే రాశాడు.

పాత ప్లాస్టిక్ టబ్బో, వెడల్పాటి స్వీట్ డబ్బానో తీసుకో. రెండంగుళాల మందాన మట్టి పొయ్యి. కొంచెం కొబ్బరి పొట్టు కలిపితే తడి ఆగుతుంది. చిన్న ముంతని పడుకోబెట్టి, మూతి కనబడేలా వదిలి, పైన మట్టి కప్పి గుట్టలా చెయ్యి. ముంత లేకపోతే కొబ్బరి చిప్ప. మూతికి సరిపడే రాయి మాత్రం పిల్లలే వెతికి తేవాలి. దానికే ఓ మధ్యాహ్నం గడిచిపోతుంది, గడవనీ.

గడ్డి బదులు మెంతులు. మార్చి 28 శనివారం రాత్రి నానబెట్టు, మర్నాడు మట్టల ఆదివారం కదా, ఆరాధన అయ్యాక పిల్లలచేత చల్లించు. పైన పల్చగా మట్టి. మన ఎండలకి బయట పెట్టావంటే అంతే సంగతులు, వరండాలో ఉంచు. రెండు పూటలా చేత్తో చిలకరించాలి. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి, మా అంగన్‌వాడీలో మొదటిసారి అదే జరిగింది. రెండు మూడు రోజులకి తెల్లటి ముక్కులు కనపడతాయి, ఈస్టర్‌కి పచ్చగా ఉంటుంది. గింజ మట్టిలోకి వెళ్లడం, పైకి రావడం వాళ్ల కళ్లముందే జరుగుతుంది. దాని మీద ప్రసంగం చెయ్యకు.

శుక్రవారం బొమ్మని గుడ్డలో చుట్టి లోపల పెట్టి రాయి అడ్డం పెట్టండి. ఆదివారం పిల్లలు రాకముందే రాయి పక్కకి దొర్లించి, గుడ్డ లోపలే వదిలేసి, బొమ్మని మెంతి మొక్కల వెనక నిలబెట్టు. వాళ్లే వెతుక్కుని వాళ్లే కనిపెట్టాలి. బీరువా జోలికి పోకు.

మనిషికొకటి చేయించకు, 14 తోటలకి నీళ్లు పోసేది నువ్వే. ముగ్గురికొకటి చాలు.

ఇంకొక్కటి. శుక్రవారం కథ చెప్పేటప్పుడు "నిద్రపోయాడు" అనకు. నేను ఒకసారి అలా అంటే ఒక పాప మధ్యాహ్నం పడుకోనని మొండికేసింది, పడుకుంటే రాయి పెట్టేస్తారట. చనిపోయాడు అనే చెప్పు. పిల్లలు ఆ మాటకి మనంత భయపడరు.

డాలస్_అమ్మ

అక్కా, ఆ గుడ్లు ఇక్కడ డజను లెక్కన అమ్ముతారు. మీకేమీ పోలేదు. మా పాప పన్నెండోది తెరిచి, లోపల ఏమీ లేకపోయేసరికి "దీంట్లో వెయ్యడం మర్చిపోయారు, వాపస్ ఇచ్చేద్దాం" అంది.

గుంటూరులో మా అమ్మ దగ్గరున్న ఏడాది ఖాళీ అగ్గిపెట్టెలు పన్నెండు అతికించి సొరుగుల బీరువాలా చేశాం. రోజుకొక పెట్టె. ఒకదాంట్లో ఈతాకు ముక్క, ఒకదాంట్లో చాక్లెట్ రేకుతో చేసిన వెండి నాణేలు, తర్వాత ఎండిన రొట్టె ముక్క, కోడి ఈక (కోడి కూసేలోపు యేసయ్య ఎవరో తెలీదన్న పేతురు కోసం), తుమ్మ ముల్లు, ఊదారంగు గుడ్డ పీలిక, పుల్లల సిలువ, సైనికులు అంగీ కోసం చీట్లు వేసుకున్నందుకు రెండు గవ్వలు, తెల్లగుడ్డ, గులకరాయి, స్త్రీలు తెచ్చిన సుగంధ ద్రవ్యాలకి నాలుగు లవంగాలు. పన్నెండోది ఖాళీ. మార్చి 25న మొదలుపెడితే సరిగ్గా ఈస్టర్‌కి ఖాళీ పెట్టె వస్తుంది. మా పాపకి గుర్తుండిపోయినవి మాత్రం లవంగాలు. ఇప్పటికీ బిర్యానీలో లవంగం వస్తే "సమాధి వాసన" అంటుంది, చుట్టాల ముందు కూడా.

చిన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ వెంట వస్తే జాగ్రత్త. గవ్వలు, రాళ్లు నోట్లో పెట్టేసుకుంటారు. ముల్లు మీరే పట్టుకుని చూపించండి.

రిటైర్డ్_మాస్టారు

అమ్మా, రెండు విషయాలు. మన పిల్లలకి సమాధి అంటే సమాధుల తోటలో సున్నం కొట్టిన సిమెంటు దిమ్మ. ఈస్టర్ తెల్లారగట్ల కొవ్వొత్తులు పట్టుకుని తాతమ్మ సమాధి దగ్గరికి వెళ్లిన పిల్లాడు "రాయి దొర్లించారు" అంటే ఏమనుకుంటాడు? మా మనవడు పైకప్పు లేచిపోయిందనుకున్నాడు. అరిమతయియ యోసేపు తన కోసం తొలిపించుకుని యేసుని పెట్టిన సమాధి కొండ రాతిలో గది. గుమ్మం ఎంత చిన్నదంటే శిష్యుడు వంగి చూడాల్సి వచ్చింది. ఉండవల్లి గుహలు చూసిన పిల్లలుంటే వాటి పేరు చెప్పు, చప్పున అర్థమవుతుంది. అవి చాలా పెద్దవి, కానీ కొండని తొలిచి గది చేయడమంటే ఏమిటో తెలుస్తుంది.

రెండోది, యేసు బొమ్మ చేయడం కొన్ని సంఘాల్లో పెద్దలకి నచ్చదు. మా దగ్గరా గొడవైంది. అప్పుడు మేం బొమ్మ మానేసి, ముంత ఖాళీగా ఉందని పిల్లలు చూడగానే తలుపు వెనక నుంచి ఒకరు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేలా చేశాం. మరియని పిలిచినట్టు. పేరు వినపడగానే పిల్లలు వెనక్కి తిరిగిన తీరు చూడాలి. కాకపోతే ఆ గొంతు నాది, నాకు దగ్గు, "తాతగారు తాతగారు" అని కనిపెట్టేశారు.

కొత్తటీచర్

అక్కా, మాస్టారూ, చాలా థ్యాంక్స్. మరియ సంగతి చదివి ఆ పిల్లాడి వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్పాను, నవ్వింది. ఏడాది తర్వాత ఇవాళే నాతో బాగా మాట్లాడింది.

తోటే చేస్తాం. మా అయ్యగారికి బొమ్మతో ఇబ్బంది లేదట, అయినా పేర్లు పిలవడం కూడా పెడతాం. పిలిచేది అమ్మగారు (అయ్యగారి భార్య), ఆవిడ గొంతు పిల్లలకి అంత అలవాటు లేదు. నిన్న తెనాలి వెళ్లి ముంతలు ఆరు తెచ్చాను, బస్సులో ఒకటి పగిలింది. ఐదు చాలు. నిరుడు ఏడ్చినవాడు అప్పుడే రాయి తెచ్చేశాడు. ముంత కంటే రాయే పెద్దది. చిన్నది తెమ్మంటే, చిన్నదైతే ఎవరైనా తీసేస్తారు టీచర్ అంటున్నాడు.

అక్కా, మెంతులకి చీమలు పడితే ఏం చెయ్యాలి? పసుపు చల్లొచ్చా?

అంగన్‌వాడీ_అక్క

పసుపు మట్టిలో వద్దు, టబ్బు చుట్టూ నేల మీద గీతలా పొయ్యి. ఆ రాయి అలాగే ఉంచు, పెద్ద ముంత కొనుక్కో.