క్యాంప్‌గ్రౌండ్ హోస్టులుగా ఉంటూ చుట్టాలను ఎలా పిలవాలి? జూలైలో 11 మంది వస్తామంటున్నారు

సముద్రం_పక్క_బండి

అందరికీ నమస్కారం. మా ఆయన కిందటేడు రిటైరయ్యారు. ఈ మే నుంచి సెప్టెంబరు చివరిదాకా వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపిక్ నేషనల్ పార్క్‌లో, సముద్రం వైపున్న ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో హోస్టులుగా ఉండబోతున్నాం. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇది జీతం ఉన్న ఉద్యోగం కాదు. మన ఆర్‌వీ, అంటే ఇల్లులా పడక, వంటిల్లు ఉన్న బండి, పెట్టుకోవడానికి చోటు, కరెంటు, నీళ్లు ఇస్తారు. బదులుగా మేం వారానికి 32 గంటలు పని చేయాలి. వచ్చినవాళ్లకు దారి చూపడం, ఖాళీ అయిన సైట్లలో, అంటే ఒక్కో కుటుంబం గుడారమో బండో పెట్టుకునే చోట్లలో, బూడిద ఎత్తి శుభ్రం చేయడం, రాత్రి 10 దాటాక చప్పుడు చేస్తుంటే వెళ్లి నెమ్మదిగా చెప్పడం, వినకపోతే రేంజరుకు, అంటే పార్క్ అధికారికి, కబురు పెట్టడం, ఇలాంటివి.

మొన్న సంక్రాంతికి ఫోన్లు చేసినప్పుడు ఈ మాట చెప్పామా, అందరూ సంబరపడి వస్తామన్నారు. గుంటూరు నుంచి మా అక్కా బావగారు, డాలస్ నుంచి మా ఆడపడుచు వాళ్లు పిల్లలతో సహా ఐదుగురు, సియాటిల్ నుంచి రెండు జంటలు మా స్నేహితులు. అందరూ జూలై మూడో వారమే అంటున్నారు. మా బండి 28 అడుగులు, మేం కాకుండా ఇద్దరు పడుకోగలరు, అదీ భోజనం బల్ల మడిచి పరుపు వేస్తే. ఆడపడుచేమో "హోటలెందుకు వదినా, మీ దగ్గరే సర్దుకుంటాం" అంటోంది. వద్దంటే ఏమనుకుంటుందో. పైగా ఆ వారం నాకు నాలుగు రోజులు డ్యూటీ. ఇంటికొచ్చిన వాళ్లను వదిలేసి నేను చీపురు పట్టుకుని వెళ్తే ఎలా ఉంటుంది? ఇలా ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

గోదారి_పిన్ని

మేం నాలుగు సీజన్లు చేశాం, అందులో ఒకటి యోసెమిటీలో. అక్కడ ఒక సైట్‌కి పిల్లలతో కలిపి ఆరుగురు, రెండు బండ్లు, అంతే. మొదటి ఏడాది మా తోడికోడలు వాళ్లు చెప్పిన దానికంటే ముగ్గురిని ఎక్కువ తీసుకొచ్చారు, తొమ్మిది మంది. ఒక్క రాత్రే కదా అని ఊరుకున్నాను. మర్నాడు పొద్దున పక్క సైట్‌లో ఒకాయన మూడో కారు పెడితే తీయమని చెప్పడానికి వెళ్లాను. ఆయన మా చుట్టాల గుడారాల వైపు చూసి, "మరి వాళ్లకో?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ సీజనంతా ఆయన ముఖమే గుర్తొచ్చేది. హోస్టు మాట జనం వింటున్నారంటే హోస్టు కూడా అదే పద్ధతిలో ఉంటుందని నమ్మబట్టే. అది ఒకసారి పోతే మళ్లీ రాదమ్మా.

కాబట్టి మీ పార్క్‌లో సైట్‌కి ఎంతమందో ముందు కనుక్కోండి. ఆడపడుచు వాళ్లకు వాళ్ల పేరు మీదే విడిగా సైట్ బుక్ చేయించండి, హోస్టులం కదా మనకు ఒకటి ఆపుతారులే అనుకోవద్దు. రిక్రియేషన్ డాట్ గవ్ అని సైట్లు బుక్ చేసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది, అందులో చాలా క్యాంప్‌గ్రౌండ్లకు ఆరు నెలల ముందు, పసిఫిక్ టైమ్ పొద్దున 7కి బుకింగ్ తెరుస్తారు. మీ తేదీలకు అంటే ఈ వారమే. ఏడింటికల్లా లాగిన్ అయి కూర్చోమనండి, సముద్రం పక్క సైట్లు నిమిషాల్లో అయిపోతాయి. సైట్ ఖర్చు మీరు పెట్టుకుంటే ఆడపడుచుకు చేసిన మర్యాద కూడా అవుతుంది. సియాటిల్ వాళ్లు కారులో మూడు నాలుగు గంటల దూరంలోనే ఉన్నారు కదా, వాళ్లను జూన్‌లో పిలవండి.

తెనాలి_టు_టకోమా

పిన్ని గారు చెప్పింది నిజం. నేను వంటింటి సంగతి చెప్తాను, మా గొడవలన్నీ అక్కడే వచ్చాయి. బండికి 30 ఆంపుల కనెక్షన్ అయితే మొత్తం 3,600 వాట్లు. కెటిల్ 1,500, హీటర్ 1,500, ఇంతలో ఎవరో పచ్చడికని మిక్సీ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. ఒకటి ఆపాకే ఇంకొకటి వేయాలని అందరికీ మొదటిరోజే చెప్పండి.

పోపు, వేపుళ్లు లోపల వద్దు, ఆ వాసన పరుపులకు పట్టి వారం ఉంటుంది. బయట గ్యాస్ స్టవ్ పెట్టుకోండి. కానీ తిన్న వెంటనే అన్నీ లోపల పెట్టేయాలి, ఆవకాయ సీసా, నూనె డబ్బా, ఆఖరికి టూత్‌పేస్ట్ కూడా. ఆ తీరంలో రకూన్లు ఎక్కువ, నల్ల ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి. పెద్దవాళ్లు పక్షులకని అన్నం మెతుకులు చల్లుతారు, అది అస్సలు వద్దని ప్రేమగా ముందే చెప్పండి.

టాయిలెట్‌లో తడి వైప్స్ వేయనివ్వకండి, నీళ్లకు మగ్గు పెట్టండి, అందరికీ హాయి. కట్టెలు ఇంటి నుంచి మోసుకురావద్దు, వాటితో పురుగులు అడవికి చేరతాయి, అక్కడే కొనుక్కోమనండి. అక్కయ్య గారికి జూలైలో కూడా స్వెట్టర్, మంకీ క్యాప్ కావాలి, ఆ సముద్రం మన బాపట్ల లాంటిది కాదు, పగలు కూడా చలి గాలి. ఒడ్డున పడి ఉన్న పెద్ద దుంగల మీద పిల్లల్ని ఎక్కనివ్వకండి. చూడ్డానికి కదలనట్టుంటాయి, ఒక్క అల చాలు, దొర్లి మనిషిని నలిపేస్తాయి.

శ్రీకాకుళం_కుర్రాడు

ఇంత ఆలోచన ఎందుకండీ, ఆ వారం సెలవు పెట్టేయండి. అక్కా బావగారు అంత దూరం నుంచి మళ్లీ మళ్లీ వస్తారా?

గోదారి_పిన్ని

బాబూ, జూలైలోనే హోస్టు అవసరం. సైట్లన్నీ నిండి ఉంటాయి. ఒప్పుకున్నదే ఆ రద్దీ కోసం. సెలవు కంటే తేదీ మార్చుకోవడం మేలు. గుంటూరు వాళ్లకు బడి సెలవుల గోల లేదు కదా, విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే సెలవు, అది దాటాక రమ్మనండి. పిల్లలు బడికి వెళ్లిపోయి జనం పల్చబడతారు, చెల్లెలితో తీరిగ్గా కూర్చోవచ్చు.

విశాఖ_అమ్మమ్మ

నేను చుట్టంగా వెళ్లినదాన్ని, అందుకని రాస్తున్నాను. మా అమ్మాయీ అల్లుడూ టెక్సాస్‌లో ఒక స్టేట్ పార్క్‌లో హోస్టులుగా ఉన్నప్పుడు మేం మూడు వారాలున్నాం. పార్కులో ఉంటాం అన్నారు కానీ పని ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు భోజనానికి కూర్చున్నామో లేదో ఎవరో వచ్చి తలుపు తట్టారు, అల్లుడు చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. వచ్చేసరికి గంట. మా వారు ముఖం మాడ్చుకున్నారు, ఇంజినీరు చదివినవాడికి ఈ ఊడ్చే పనేమిటని. ఫోన్ సిగ్నల్ లేదు, మాట్లాడే మనిషి లేదు, నాకైతే మధ్యాహ్నం ఏడుపొచ్చింది.

నాలుగో రోజు అల్లుడు "అత్తయ్యా, నాతో ఒక రౌండు రండి" అన్నాడు. వెళ్లాను. ఒక ముసలావిడ గుడారం కర్ర విరిగి కూర్చుని ఉంది, మావాడు టేపు చుట్టి నిలబెట్టాడు. ఇంకో చోట పసిపిల్లకు చలేస్తోందంటే మా దుప్పటి తెచ్చిచ్చాడు. అందరూ పేరు పెట్టి పిలుస్తున్నారు. సాయంత్రం వచ్చి మా వారికి చెప్పాను, మర్నాటి నుంచి ఆయనే ముందు బూట్లేసుకుని తయారు. అందుకే, అమ్మా, పని వేళలు దాచకండి. ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా లేరో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. రాత్రి బాత్రూమ్‌కి లేస్తారు, తలగడ పక్కన టార్చిలైటు పెట్టండి. భోజనం మాత్రం రోజుకు ఒక్కపూటైనా అందరూ కలిసి తినండి.

గోదారి_పిన్ని

అమ్మమ్మ గారు భలే చెప్పారు. ఒక్కటి కలుపుతాను. బావగారు పక్కన నడవనీ, పార చేతికి ఇవ్వకండి. సంతకం చేసిన వాలంటీరుకైతే పనిలో దెబ్బ తగిలితే కవరేజీ ఉంటుంది, చుట్టాలకు ఉండదు. వాళ్లకు విడిగా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

సముద్రం_పక్క_బండి

అందరికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. రాత్రే ఆడపడుచుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఏమనుకుంటుందో అని నేను భయపడితే, "ముందే చెప్పావు, మంచిదైంది వదినా, పిల్లలకు గుడారంలో పడుకోవాలనే ఉంది" అంది. మా ఆయనా, అన్నయ్య గారూ సోమవారం పొద్దున ఏడింటికి రెండు చోట్లా కంప్యూటర్ ముందు కూర్చుంటారు. స్నేహితులు జూన్‌లో వస్తామన్నారు. అక్క సెప్టెంబరుకు ఒప్పుకుంది, బావగారు ఇంకా ఆలోచిస్తున్నారు, వినాయక చవితి ఊళ్లో లేకుండానా అని. ఇంకో సంగతి అడగాలి. బావగారికి మోకాళ్ల నొప్పి, ఇదే పార్క్‌లో ఉన్న హో రెయిన్ ఫారెస్ట్ అనే వాన అడవి చూపించాలని నాకు ఆశ. నడవగలరా?

తెనాలి_టు_టకోమా

హాల్ ఆఫ్ మాసెస్ అని ఒక చుట్టు దారి ఉంది, మైలు కూడా ఉండదు, 0.8. మొదట్లో కొంచెం ఎక్కాలి, చేతికర్ర ఇచ్చి మెల్లగా తీసుకెళ్లండి. పొద్దున తొమ్మిది లోపే గేటు దగ్గరుండండి, వేసవిలో తర్వాత వెళ్తే కార్ల వరుసలోనే గంటా రెండు గంటలు పోతాయి. దారిలో రూబీ బీచ్ దగ్గర ఆగండి, అక్కడ పైనుంచే సముద్రం బాగా కనిపిస్తుంది, ఆయన కిందికి దిగక్కర్లేదు.