సీసం న్యూట్రాన్ స్కిన్: 0.28 నమ్మాలా, 0.16 నమ్మాలా?

సీసం82:
సీసం-208 కేంద్రకంలో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు. మిగులు న్యూట్రాన్లు అంచున పేరుకుని పల్చటి పొర కడతాయి. అదే న్యూట్రాన్ స్కిన్. అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్ ప్రెక్స్-2 ప్రయోగం 2021లో దాని మందం 0.283 ఫెంటోమీటర్లని చెప్పింది (ఒక ఫెంటోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో లక్ష కోట్లవ వంతు). జపాన్‌లో ఒసాకావాళ్లు 2011లో ప్రోటాన్లతో చేసిన కొలత నుంచి తేలింది 0.156. నా ఓటు ప్రెక్స్‌కే. వాళ్లు సీసం మీదికి పంపింది ఎలక్ట్రాన్లని. ఎలక్ట్రాన్‌కి బలమైన కేంద్రక బలం అంటదు. బలహీన బలమేమో ప్రోటాన్‌ని దాదాపు పట్టించుకోదు, న్యూట్రాన్‌నే చూస్తుంది. ఇంతకన్నా సూటైన దారి ఏముంది? ఒసాకా లెక్క నిండా సైద్ధాంతిక మోడళ్లే.

లెక్కలమాస్టారు:
దారి సూటిదే, కాదనను. కానీ ప్రెక్స్ అంకె పక్కన ±0.071 ఉంది, అది రాయడం మర్చిపోయారు. ఒసాకాది సుమారు ±0.025. తేడా 0.127, రెండు అనిశ్చితులూ కలిపితే (వర్గాలు కూడి, వర్గమూలం తీస్తే) 0.075. అంటే 1.7 సిగ్మా, అనిశ్చితికి 1.7 రెట్లే. దీనికింత గొడవా?

సీసం82:
ఆ అంకె ఎంత కష్టపడితే వచ్చిందో కూడా చూడండి సార్. ఎలక్ట్రాన్ల స్పిన్ దిశను అటూ ఇటూ తిప్పుతూ, స్పిన్ ఎటు ఉన్నప్పుడు ఎన్ని చెదిరాయో పోల్చారు. 100 కోట్లు చెదిరితే, బలహీన బలం తెచ్చే తేడా 550. పుంజం వేడికి సీసం కరిగిపోకుండా పల్చటి రేకును రెండు వజ్రపు రేకుల మధ్య బిగించి చల్లబరిచారు!

తోకచుక్క:
వజ్రాలు సరే, క్రెక్స్ సంగతేంటి? అదే ల్యాబ్, అదే పద్ధతి, 2022. కాల్షియం-48కి వచ్చింది 0.121 మాత్రమే. సీసం పొరను అంత మందంగా చూపే మోడళ్లు చాలావరకు కాల్షియానికీ ఇంతకన్నా మందమే చెబుతాయి. రెండు ఫలితాలకూ ఒకేసారి సరిపడే మోడల్ దొరకడం కష్టంగా ఉంది. ఒసాకావాళ్లని దెప్పారుగానీ, తగువు మీ ఇంట్లోనే ఉంది.

పైగా పొర మందమైతే న్యూట్రాన్ పదార్థంలో ఒత్తిడి ఎక్కువని అర్థం, న్యూట్రాన్ నక్షత్రం (దాదాపు న్యూట్రాన్లతోనే నిండిన చచ్చిన నక్షత్రం) కూడా ఉబ్బుతుంది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనగా పుట్టి 2017లో మనకు దొరికిన గురుత్వ తరంగాలు చూస్తే, ఆ రెండూ అంత ఉబ్బినవిలా లేవు.

సీసం82:
నక్షత్రం లోపలి సాంద్రత కేంద్రకం కన్నా కొన్ని రెట్లు ఎక్కువ. అక్కడ పదార్థం తీరే మారిపోవచ్చు కదా, దాన్ని సాక్ష్యానికి పిలవకండి. క్రెక్స్ మాత్రం నన్నూ తొలుస్తోంది, ఒప్పుకుంటా.

లెక్కలమాస్టారు:
ఒసాకా గురించి ఒక దిద్దుబాటు. వాళ్లు సీసం మీదికి పంపిన ప్రోటాన్లని దాదాపు సున్నా డిగ్రీల కోణంలో, అంటే దారి దాదాపు మారకుండా వచ్చినవాటిని, చూశారు. అక్కడ ముఖ్యంగా పనిచేసేది విద్యుత్ బలమే. కేంద్రకంలో ప్రోటాన్లు ఒకవైపు, న్యూట్రాన్లు మరోవైపు ఎంత తేలిగ్గా జరుగుతాయో దాన్నిబట్టి తెలిసింది. అంతవరకూ శుభ్రమే. అక్కణ్ణుంచి మందానికి వెళ్లేటప్పుడే మోడల్ వచ్చి కూర్చుంటుంది. ప్రెక్స్‌లో కూడా ఒకే కోణం దగ్గర కొలిచిన అంకె నుంచి వ్యాసార్థానికి రావాలంటే కొంత మోడల్ కావాలి. తక్కువే, సున్నా అయితే కాదు.

తోకచుక్క:
జర్మనీలోని మైంజ్‌లో మీసా యాక్సిలరేటర్ దగ్గర సీసాన్ని మళ్లీ ఇదే పద్ధతిలో కొలవాలని ప్లాన్. లక్ష్యం ±0.03. అప్పుడూ 0.28 వస్తే నేను నోరు మూసుకుంటా.

సీసం82:
0.16 వస్తే నా పేరు కాల్షియం48 అని మార్చుకుంటా.

లెక్కలమాస్టారు:
0.21 వస్తే ఇద్దరూ గెలిచామనే అంటారు.