పోస్టర్ మీద వంద కోట్లు, ఎంతవరకు నమ్మాలి?

పేట_నాన్న:
మావాడు పదో తరగతి. వాళ్ల హీరో సినిమాకి నాలుగో రోజే "120 కోట్లు" అని పోస్టర్ వదిలారు. వీడు స్టేటస్ పెట్టుకున్నాడు. అవతలి హీరో ఫ్యాన్ అయిన స్నేహితుడు "ఫేక్ కలెక్షన్లు" అన్నాడు. ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు. అసలు ఈ అంకె ఎవరు లెక్కేస్తారండీ?

నేలటికెట్:
పోస్టర్ డిజైన్ చేసే కుర్రాడు సార్ 😀

మాజీ_రిప్రజెంటేటివ్:
పూర్తిగా జోకేం కాదు. రీలు బాక్సుల రోజుల్లో డిస్ట్రిబ్యూటర్ తరఫున గుంటూరు జిల్లా థియేటర్లు తిరిగినవాణ్ణి. ఆట మొదలయ్యాక బుకింగ్‌లో కూర్చుని, నేల, కుర్చీ, బాల్కనీ అని క్లాసుల వారీగా టికెట్ల మొదటి నంబరు, చివరి నంబరు చూసుకుని డీసీఆర్ (రోజువారీ వసూళ్ల కాగితం) మీద సంతకం పెట్టేవాళ్లం. అసలు లెక్క ఆ కాగితంలోనే ఉంటుంది. అది బయటికి రాదు. దక్షిణ కొరియాలో టికెట్ల లెక్కని అక్కడి ఫిల్మ్ కౌన్సిల్ ఆన్‌లైన్‌లో పెడుతుంది, ఎవరైనా చూడొచ్చు. మనకి అలాంటిది లేదు. కాబట్టి మీవాడూ నిరూపించలేడు, ఆ పిల్లాడూ నిరూపించలేడు.

పోస్టర్‌లో అంకె కింద సన్నటి అక్షరాలు చూపించండి. "వరల్డ్ వైడ్ గ్రాస్" అనుంటుంది. హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో 295 టికెట్ తీసుకోండి. అందులో 45 జీఎస్టీ. మిగిలిన 250లో మొదటి వారం అటూఇటుగా సగం థియేటర్‌ది. డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చేది 125, దాన్నే షేర్ అంటాం. (సింగిల్ థియేటర్లో అద్దె పద్ధతి వేరు.) పోస్టర్ మీద మాత్రం 295 పడుతుంది, పెద్దగా కనపడాలి కదా. అది ప్రకటన, సబ్బు ప్రకటన ఎంతో ఇదీ అంతే. రెండో వారం జనం రావాలని వేస్తారు.

సీడెడ్_సుధ:
మరి ట్రేడ్ పేజీల్లో నైజాం ఇంత, సీడెడ్ (రాయలసీమ) ఇంత, ఉత్తరాంధ్ర ఇంత అని పాయింట్లతో సహా ఇస్తారుగా అన్నా? అవి చూస్తే నిజంలాగే ఉంటాయి.

మాజీ_రిప్రజెంటేటివ్:
పాయింట్ పక్కన రెండంకెలుంటే నమ్మబుద్ధేస్తుందమ్మా, అదే కిటుకు. కొందరు బయ్యర్ల (ఏరియా హక్కులు కొన్న డిస్ట్రిబ్యూటర్ల) ఆఫీసులకి ఫోన్ చేసి కనుక్కుంటారు, వాళ్లకి దణ్ణం. నాలుగు పేజీల్లో అదే అంకె పైసల్తో సహా కనపడితే మాత్రం ఒకళ్లది చూసి మిగతావాళ్లు దించారనే. ఏరియా ఎంతకు కొన్నారు, షేర్ ఎంతొచ్చింది, ఈ రెండూ పక్కపక్కన పెట్టనిదే హిట్టో ఫట్టో తేలదు. మా రోజుల్లోనూ తక్కువ తినలేదులెండి. ఖాళీ కుర్చీలకి రోజుకొక్క ఆట వేసి "వంద రోజులు" అని పోస్టర్ అంటించేవాళ్లు.

పేట_నాన్న:
295 లెక్క మావాడికి కాగితం మీద వేసి చూపించా. కాసేపు ఆలోచించి "మరి మా హీరో రెమ్యునరేషన్ ఏ 125లోంచి ఇస్తారు?" అంటున్నాడు. మీరే చెప్పాలి.

మాజీ_రిప్రజెంటేటివ్:
మంచి ప్రశ్నే అడిగాడు. అది చాలావరకు రిలీజుకి ముందే ముడుతుంది బాబూ. బయ్యర్లు కట్టిన అడ్వాన్సులు, ఓటీటీ డబ్బు, ఫైనాన్సు అప్పు, వీటిలోంచి. ఆ 125 కోసం ఎదురుచూసేది బయ్యరు.