ఉబ్బసం ఉన్న పిల్లలకు స్కూల్లో ఏం ఏర్పాటు ఉండాలి? (పలాస దగ్గర యూపీ స్కూలు)

ఉద్దానం టీచరు

నమస్కారం అండి. మా బళ్ళో అయిదుగురు పిల్లలకు ఉబ్బసం ఉందని తల్లిదండ్రులు రాసిచ్చారు. ఇద్దరికి స్ప్రే ఇన్హేలర్, ఒకరికి క్యాప్సూల్ పెట్టి పీల్చేది, మిగతా ఇద్దరూ సిరప్ మీదే ఉన్నారు. మందులన్నీ హెచ్‌ఎం గారి బీరువాలో, తాళం వేసి ఉంటాయి. జూన్ 12న బడి తెరిచేలోగా ఒక పద్ధతి పెట్టుకోవాలి.

ఆయాసం వస్తే టీచరు ఇన్హేలర్ ఇవ్వొచ్చా, ఎన్ని పఫ్‌లు (నొక్కులు)? స్పేసర్ (ఇన్హేలర్‌కీ నోటికీ మధ్య తగిలించే బోలు డబ్బా) కొనలేని ఇళ్ళ సంగతేంటి? "ఆ గొట్టం మందు అలవాటైపోద్ది, మా గుంటడికి ఇవ్వకండి మాస్టారూ" అనేవాళ్ళకి ఏం చెప్పాలి? బడికి దగ్గర్లోనే జీడిపిక్కల బట్టీ ఉంది, దానికేమైనా చెయ్యగలమా?

పీహెచ్‌సీ డాక్టరు, టెక్కలి వైపు

మాస్టారూ, ముందు ఆ తాళం సంగతి చూడండి. ఆయాసం వచ్చిన పిల్లాడికి మందు ఒకట్రెండు నిమిషాల్లో అందాలి. హెచ్‌ఎం మీటింగుకి వెళ్ళిన రోజునే తాళంచెవి కూడా వెళ్ళిపోతుంది. స్టాఫ్ రూమ్‌లో పిల్లలకి అందని ఎత్తులో, పెద్దవాళ్ళు ఎవరైనా తెరవగలిగే డబ్బా పెట్టండి. ఏడెనిమిది తరగతుల పిల్లలు సొంతంగా వాడగలిగితే ఆయాసాన్ని వెంటనే తగ్గించే నీలం ఇన్హేలర్ (సాల్బుటమాల్) వాళ్ళ బ్యాగులోనే ఉండనివ్వండి.

సాల్బుటమాల్ డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు. ఇంగ్లండ్‌లో 2014 అక్టోబరు నుంచి చీటీ లేకుండానే బళ్ళు అత్యవసరానికి ఒక ఇన్హేలర్ కొని ఉంచుకోవచ్చు. మన దగ్గర మాత్రం ఏ పిల్లాడి మందు ఆ పిల్లాడి పేరు మీదే తెప్పించుకోండి. ఒక్కొక్కరికి అరపేజీ కాగితం చాలు. పేరు, ఫొటో, మందు పేరు, ఆయాసం వస్తే ఎన్ని పఫ్‌లు, ఆటలకి ముందు అవసరమా, రెండు ఫోన్ నంబర్లు, కింద తల్లిదండ్రుల సంతకం, పీహెచ్‌సీ డాక్టరు సంతకం. దాని నకలు తరగతి టీచరు దగ్గర ఉండాలి. ఆయాసం వచ్చినప్పుడు టీచరు చెయ్యాల్సింది ఆ కాగితం చూసి ఇవ్వడమే.

కాగితంలో డాక్టరు వేరే లెక్క రాయకపోతే వరస ఇది. పిల్లాణ్ణి నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోబెట్టొద్దు. చుట్టూ గుమిగూడిన పిల్లల్ని పంపేయండి. ఇన్హేలర్ బాగా కుదిపి స్పేసర్‌కి తగిలించి ఒక్క పఫ్ నొక్కండి, పిల్లాడు మామూలుగా నాలుగైదు ఊపిర్లు పీల్చాలి. మళ్ళీ కుదిపి రెండోది. అలా నాలుగు. నాలుగు నిమిషాలు ఆగి చూడండి. తగ్గకపోతే మళ్ళీ నాలుగు ఇస్తూనే 108కి ఫోన్ చెయ్యండి, బండి వచ్చేదాకా నాలుగేసి నిమిషాలకి నాలుగేసి ఇస్తూ ఉండండి. ఎక్కువైపోతుందని ఆపొద్దు. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, అవి కాసేపటికి తగ్గిపోతాయి. ఆగిపోయిన ఊపిరి అలా తిరిగి రాదు.

పెదాలు నీలంగా మారినా, నాలుగు మాటలు కలిపి చెప్పలేకపోయినా, గొంతు కింద గుంట, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగేస్తున్నా మొదటి పఫ్‌కి ముందే 108. ఇంకొకటి. పిల్లికూతలు ఒక్కసారిగా ఆగిపోయి, పిల్లాడు నీరసంగా వాలిపోతే తగ్గిందని సంబరపడకండి. గాలి కదలక కూత ఆగింది. అది అన్నిటికంటే ప్రమాదం.

ఫార్మసిస్టు

డాక్టరు గారు చెప్పినదానికి సామాను వివరం కలుపుతాను, ఎందుకంటే మందు ఉండి కూడా ఊపిరితిత్తుల్లోకి చేరకపోవడమే ఎక్కువ చోట్ల జరిగేది.

స్పేసర్ లేకుండా నోట్లో నొక్కితే మందులో చాలాభాగం గొంతుకే అంటుకుంటుంది. కొనలేకపోతే 500 మి.లీ. చల్లటి డ్రింకు సీసా తీసుకోండి. సబ్బునీళ్ళతో కడిగి, తుడవకుండా గాలికి ఆరబెట్టండి. అడుగున ఇన్హేలర్ మూతి ఆకారం గీసి, గట్టి తీగని అదే ఆకారంలో వంచి కాల్చి ఒత్తండి. ఇన్హేలర్ బిగుతుగా కూర్చోవాలి, సందుంటే టేపు చుట్టండి. పిల్లాడు సీసా మూతి దగ్గర పెదాలు బిగించి పీలుస్తాడు. దక్షిణాఫ్రికాలో పిల్లల మీద పరీక్షించి చూసిన పద్ధతే ఇది, ఆయాసంలో కొన్న స్పేసర్‌లాగే పనిచేసింది.

స్పేసర్‌ని గుడ్డతో తుడిస్తే లోపల స్థిరవిద్యుత్తు పుట్టి మందు గోడలకి పట్టేస్తుంది. అందుకే ఆరబెట్టమనడం. రెండు పఫ్‌లు కలిపి నొక్కినా అంతే, తుంపరలు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి సీసాలోనే ఉండిపోతాయి.

క్యాప్సూల్ వాడే పిల్లాడికి డాక్టర్ని అడిగి స్ప్రే కూడా రాయించండి. క్యాప్సూల్ పొడి లోపలికి పోవాలంటే గట్టిగా పీల్చాలి, ఆయాసంలో ఆ బలం ఉండదు. మన సముద్రపు తేమకి క్యాప్సూల్ మెత్తబడి పొడి గడ్డకడుతుంది. ఆ క్యాప్సూల్‌ని నీళ్ళతో మింగించేవాళ్ళు కూడా ఉన్నారు, ఇంట్లో ఒకసారి అడిగి చూడండి.

స్ప్రేలో 200 పఫ్‌లు ఉంటాయి. డబ్బాకి లెక్క చూపే అంకెలు లేకపోతే పేపరు అంటించి గీతలు పెట్టండి. నీళ్ళలో వేసి తేలితే ఖాళీ అనే పరీక్ష నమ్మొద్దు, మందు అయిపోయాక కూడా గ్యాసు వస్తూనే ఉంటుంది. చాలా రోజులు వాడనిదైతే ముందు గాల్లోకి నాలుగు సార్లు కొట్టి చూసుకోండి. రేకుల షెడ్డులో, బండి డిక్కీలో పెట్టొద్దు, 30 డిగ్రీలు దాటకూడదు.

బొబ్బిలి స్కూల్ హెల్త్ టీచరు

ఒక రిజిస్టరు పెట్టండి. తేదీ, ఎవరు, ఎన్ని పఫ్‌లు, ఏ పీరియడ్, అంతకుముందు ఏం చేస్తున్నాడు. ఈ చివరి గడి చాలామంది వదిలేస్తారు, అసలు ఉపయోగం దాంట్లోనే ఉంది. ఒకే పిల్లాడు వారంలో రెండు రోజులకి మించి నీలం ఇన్హేలర్ తీసుకుంటుంటే జబ్బు అదుపులో లేనట్టే. తల్లిని పిలిచి ఆ పేజీ చేతికిచ్చి డాక్టరు దగ్గరకి పంపండి. అన్నీ ఆటల పీరియడ్‌లోనే వస్తుంటే, పావుగంట ముందు రెండు పఫ్‌లు తీసుకుని ఆడొచ్చా అని డాక్టర్ని అడిగి కాగితంలో రాయించండి. ఆట మాన్పించొద్దు. చెట్టుకింద కూర్చోబెట్టిన పిల్లాడు ఏడాదంతా అలాగే ఉండిపోతాడు.

పొద్దున్న వేసుకోవాల్సిన స్టెరాయిడ్ ఇన్హేలర్ (ఆయాసం రాకుండా రోజూ వాడేది) జీడి పనికో పొలానికో తెల్లారకముందే పోయే ఇళ్ళలో తప్పిపోతుంది. అలాంటి పిల్లలకి ప్రార్థన అవ్వగానే టీచరు ఎదురుగా వేయించండి, తర్వాత నోరు పుక్కిలించాలి, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది. డబ్బా బళ్ళోనే ఉంచి, ఆదివారాలకీ సెలవులకీ ఇంటికి పంపడం మరవొద్దు.

పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ ఆర్బీఎస్‌కే టీమ్ బడికి వచ్చినప్పుడు ఈ అయిదుగురి పేర్లూ విడిగా ఇవ్వండి, వాళ్ళ జాబితాలో ఉబ్బసం ఉంది. ప్రపంచ ఉబ్బస దినం మే మొదటి మంగళవారం, మనకి సెలవులు. శిక్షణ జూన్‌లోనే పెట్టుకోండి, ఆయాలకి, వంటమ్మలకి కూడా.

ఊడ్చేముందు నీళ్ళు చిలకరించాలి, ఆ పని ఉబ్బసం పిల్లలకి ఇవ్వకూడదు. నల్లబల్ల తడిగుడ్డతో తుడవాలి. భోజనం కట్టెలపొయ్యి మీద వండుతుంటే పొగ తరగతుల వైపు రాకుండా చూడండి.

ఉద్దానం టీచరు

చాలా ధన్యవాదాలు అండి. బట్టీ సంగతి, "అలవాటు" మాట మిగిలాయి.

పీహెచ్‌సీ డాక్టరు, టెక్కలి వైపు

జీడిపిక్కని డ్రమ్ములో కాలిస్తే తొక్కలోని జీడినూనె కాలి ఆ ఘాటైన పొగ వస్తుంది. ఆవిరిలో ఉడికించే చోట పిక్క కాల్చరు గానీ, తొక్కనే పొయ్యిలో ఇంధనంగా వేస్తే అదే పొగ. యజమానితో మాట్లాడి బడి వేళల్లో కాల్చకుండా ఒప్పించండి, పంచాయతీకి రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. పొగ వచ్చే వైపు కిటికీలు ఆ కాసేపు మూసి, ఉబ్బసం పిల్లల్ని అటువైపు గదిలో కూర్చోబెట్టకండి. రిజిస్టర్లో "పొగ" అని రాసిన రోజులే మీ అర్జీకి సాక్ష్యం.

అలవాటు అనే తల్లికి ఇలా చెప్పండి: "సిరప్ ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తికి చేరాలమ్మా, అందుకే డోసు మిల్లీగ్రాముల్లో. ఇది నేరుగా వెళ్తుంది, పఫ్‌కి 100 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో పదో వంతు." స్టెరాయిడ్ అంటే భయపడితే నిజం చెప్పండి: చిన్నప్పటి నుంచి ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గినట్టు చూశారు. ఆ సెంటీమీటరు పక్కన, రాత్రంతా కూర్చుని ఊపిరి లాగే పిల్లాణ్ణి పెట్టి చూడమనండి. చేప మందు వేయించామని ఇన్హేలర్ ఆపేసే ఇళ్ళుంటే, అది వేయించినా ఇది మాత్రం ఆపొద్దని చెప్పండి. గొడవ పెట్టుకోకండి, పిల్లాడి మందు ఆగకపోవడం ముఖ్యం.

కాగితం నమూనా ఒకటి రాసి తీసుకురండి మాస్టారూ. ఓపీలో అయిదుగుర్నీ ఒకే రోజు చూసి సంతకం పెట్టించుకోవచ్చు.