సమస్య: "మౌని యొకడు సభకు మాట నేర్పె" – పూరణలు, చర్చ

నిర్వాహకుడు:

మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. మిగతా మూడు పాదాలూ రాయడమే పూరణ.

*మౌని యొకడు సభకు మాట నేర్పె*

నడకలో ఇబ్బందేమీ లేదు, ఐదూ సూర్యగణాలే. యతి ‘మౌ’కు ‘మా’. ఔ, ఆ ఒకే వర్గం కాబట్టి చెల్లుతుంది. చిక్కంతా అర్థంలో ఉంది. నోరు విప్పనివాడు సభకు మాట ఎలా నేర్పుతాడు? మౌనంతోనే బోధించే దక్షిణామూర్తిని తెస్తే సమస్య ఒక్క క్షణంలో తీరిపోతుంది కాబట్టి ఆయన్ని ఈసారికి వదిలేద్దాం. పూరణ చిన్న ఆన్‌లైన్ బృందాల గురించే ఉండాలి. రాసేవాళ్లు, చదివేవాళ్లు, నడిపేవాళ్లు, వాళ్ల మధ్య జరిగేది ఏదైనా సరే.

విమర్శ పద్యం మీదే, రాసినవాళ్ల మీద కాదు. గణం తప్పినా పూరణ తీసెయ్యం, కింద సవరణ ఇస్తాం.

చినుకు:

*చదివి చదివి యేండ్లు సవ్వడి లేకుండ*
*నొక్క సందియంబు నొజ్జ నడిగె*
*నంత మఱుగునున్న యందఱు కదిలిరి*
*మౌని యొకడు సభకు మాట నేర్పె*

నిర్వాహకుడు:

చాలా బాగుంది చినుకు గారూ. ఏళ్ల తరబడి చదివి ఊరుకున్న మనిషి ఒక్క ప్రశ్న అడిగితే, అదే సందేహం లోపల దాచుకున్నవాళ్లంతా బయటికి రావడం నేను చాలాసార్లు చూశాను. రెండో పాదం దగ్గర మాత్రం ఆగాను. ఒజ్జను, అంటే గురువును, అడిగితే అది ఇద్దరి మధ్యే ఉండిపోతుంది కదా, మరుగున ఉన్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? సభలోనే అడిగినట్టు రావాలి. ఇలా మారిస్తే?

*నొక్క సందియంబు నోలగమున*
*నడుగ మఱుగునున్న యందఱు కదిలిరి*

ఓలగమంటే సభే. యతులు రెండూ నిలుస్తాయి.

నెలవంక:

సవరణతో పద్యం నిండుగా ఉంది. వెబ్ వాడకం తీరు మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2006లో రాసిన లెక్క చాలామంది వినే ఉంటారు. ఆన్‌లైన్ బృందాల్లో నూటికి 90 మంది చదివి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడు రాస్తారు, రాతలో ఎక్కువ భాగం మిగిలిన ఆ ఒక్కరిదే. ఈ లెక్క చూసి కొందరు నిర్వాహకులు "పాల్గొనని సభ్యులను తొలగిస్తాం" అని ప్రకటన పెడతారు. నాకు అది ఎప్పుడూ నచ్చలేదు. చదవడం కూడా పాల్గొనడమే. ఆ 90 మందిలోంచే రేపటి ప్రశ్న వస్తుంది.

కానీ ఆ మొదటి ప్రశ్న ఎంత కష్టం మీద వస్తుందో చూడండి. ‘టైప్ చేస్తున్నారు’ అని కనిపిస్తుంది, ఆగిపోతుంది, మళ్లీ కనిపిస్తుంది, చివరికి ఏమీ రాదు. ఎప్పుడో ధైర్యం చేసి పంపితే, "ఇది ఇదివరకే చర్చించాం, వెతుక్కోండి" అని ఒక పెద్దాయన జవాబు. ఆ మనిషి మళ్లీ రాయడు. పాత చర్చ లింకు ఇవ్వడం మంచిదే, కానీ ముందు రెండు వాక్యాల్లో జవాబు చెప్పి, ఆ తర్వాత ఇవ్వాలి. మొదటిసారి రాసినవారికి ఆ రోజే ఎవరో ఒకరు పలకాలి. బృందం నడిపేవారి పనుల్లో దీన్ని నేను అన్నిటికంటే ముందు పెడతాను.

ఇక నా పూరణ:

*తగవులాడువారి దరిఁజేరి వేఱుగా*
*విన్నవాడె గాని వెఱపుఁ జూపఁ*
*డందుకె మఱునాట నర్మిలిఁ గలిసిరి*
*మౌని యొకడు సభకు మాట నేర్పె*

పాత పాఠకురాలు:

నెలవంక అక్కా, భావం అర్థమైంది. గొడవ పడ్డవాళ్లను అందరి ముందూ మందలించకుండా విడివిడిగా విన్నాడని. కానీ "వెఱపుఁ జూపఁడు" అంటే తను భయపడలేదనే అర్థం వస్తుంది. మీరనుకున్నది బెదిరించలేదని కదా?

*విన్నవాడె గాని బెదరఁ గొట్ట*
*డందుకె మఱునాట నర్మిలిఁ గలిసిరి*

వి–బె యతి చెల్లుతుంది. అన్వయం కూడా సూటిగా ఉంటుంది.

నెలవంక:

అదే కావాలి, సంతోషంగా తీసుకుంటున్నాను.

నిర్వాహకుడు:

ఈ పద్యం మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలనుంది. అందరి ముందు "మీ భాష మార్చుకోండి" అంటే ఆ మనిషి తన పరువు కోసం ఇంకో పది సందేశాలు రాస్తాడు. అదే మాట విడిగా, "మీ చివరి వాక్యం ఒక్కటి తీసేస్తే మిగతా వాదన ఇంకా గట్టిగా నిలబడుతుంది" అని రాస్తే చాలామంది తామే దిద్దుకుంటారు. వాదనలో బలముందని ముందే ఒప్పుకున్నాం కాబట్టి వినడానికి మనసొప్పుతుంది.

రాత్రి పొద్దుపోయాక మొదలైన గొడవకు తీర్పు కంటే విరామం మంచి మందు. "ఈ చర్చ రేపు ఉదయం మళ్లీ తెరుస్తాం" అని ఒక్క వాక్యం పెట్టి ఆపెయ్యాలి, మాటిచ్చినట్టే ఉదయం తెరవాలి. తెరవకపోతే మరోసారి ఎవరూ నమ్మరు.

అయితే మౌనానికి హద్దుంది. ఒకరిని కులం పేరుతోనో, ఆడమనిషి అనో కించపరిచినప్పుడు "ఇద్దరితో విడిగా మాట్లాడతాను" అనడం తప్పు. ఆ మాట వెంటనే తియ్యాలి, ఎందుకు తీశామో అక్కడే రాయాలి. అక్కడ నిర్వాహకుడు ఊరుకుంటే, ఇబ్బంది పడ్డ మనిషికి అది ఒప్పుకోలులా కనిపిస్తుంది.

కొత్త సభ్యుడు:

మొదటి ప్రయత్నం. పెద్దలు దిద్దగలరు.

*నోటికొచ్చినట్లు నొప్పించు వానిని*
*వారమంత ఆపి ఉంచినారు*
*తిరిగి వచ్చె మారి తీయగ పలికెను*
*మౌని యొకడు సభకు మాట నేర్పె*

నిర్వాహకుడు:

స్వాగతం తమ్ముడూ. మొదటి పాదం ధార చాలా బాగుంది. గణాలు నాలుగు పాదాల్లోనూ సరిపోయాయి, మొదటి ప్రయత్నంలో అది చిన్న విషయం కాదు. రెండో పాదంలో ‘వా’కు ‘ఉం’ యతి కుదరదు. ‘మంత ఆపి’ దగ్గర సంధి కూడా తప్పింది. ఇలా చూడు:

*వారమంత పలుక వలదనిరట*

చినుకు:

యతి కుదిరింది కానీ అర్థం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. మ్యూట్ చేస్తే మౌని అవుతాడా? నోరు కట్టేస్తే వచ్చేది కోపమే. సమస్యలో ‘మౌని’ తనంతట తాను ఊరుకున్నవాడు.

కొత్త సభ్యుడు:

ఆ వారంలో ఇతరుల సందేశాలు చదివి మారాడని నా ఉద్దేశం అండీ. రాయలేడు గానీ చదవగలడు కదా.

పాత పాఠకురాలు:

ఆ ఉద్దేశం పద్యంలోకి వస్తే చినుకు గారి అభ్యంతరం పోతుంది. నా మటుకు నేను తమ్ముడి పక్షమే. గడువు ముందే చెప్పి, కారణం చెప్పి ఆపితే అది శిక్షలా కాక విరామంలా పనిచేస్తుంది. గడువు లేకుండా ఆపితే మాత్రం చినుకు గారన్నదే జరుగుతుంది.

ఇంకో సంగతి. 1980లో మొదలైన యూజ్‌నెట్ అనే కంప్యూటర్ చర్చావేదికల్లో ఏటా సెప్టెంబరులో విశ్వవిద్యాలయాల కొత్త విద్యార్థులు వచ్చేవారు. పద్ధతులు తెలియక కాసేపు గందరగోళం, తర్వాత పాతవాళ్లను చూసి సర్దుకునేవారు. 1993 నుంచి ఇంటి కనెక్షన్లతో కొత్తవాళ్ల రాక ఏడాది పొడుగునా సాగి, నేర్పేవాళ్లకు తీరిక లేకపోయింది. దానికి ‘ముగియని సెప్టెంబరు’ అని పేరే పడింది. చూసి నేర్చుకోవాలంటే చూడదగ్గవాళ్లు సరిపడా ఉండాలి. అందుకే సభ్యులను చేర్చుకునే వేగం మీద నిర్వాహకులకు పట్టుండాలంటాను.

నా పూరణ:

*తానె పలుకుచుండ దాసోహమనువారు*
*తాను తగ్గి నిలువఁ దామె పలికి*
*రొకరి కొకరు నేర్పు నొజ్జలై రందఱు*
*మౌని యొకడు సభకు మాట నేర్పె*

నిర్వాహకుడు:

ఈ వారం నా మనసు దోచిన పూరణ ఇది. ‘తానె పలుకుచుండ’, ‘తాను తగ్గి నిలువ’ అన్న ఎదురుబొదురు నడకలోనే కథంతా వచ్చేసింది. ‘నేర్పు నొజ్జలు’ దగ్గర నుగాగమం (రెండు పదాల మధ్య ‘న’ చేరడం) కూడా చక్కగా పడింది. ప్రతి ప్రశ్నకూ నిర్వాహకుడే ముందుగా జవాబిచ్చేచోట, తెలిసిన మిగతావాళ్లు క్రమంగా చేతులు ముడుచుకుంటారు. తనకు జవాబు తెలిసినా కొంతసేపు ఆగడం అలవాటు చేసుకోవాలి.

నెలవంక:

తగ్గి నిలవడం మాటల్లోనే కాదు, బృందం తాళంచెవుల్లో కూడా ఉండాలి. 2019లో యాహూ గ్రూపుల పాత సందేశాలన్నీ తీసేస్తామని ప్రకటన వచ్చింది, 2020 డిసెంబరులో ఆ సేవే మూతపడింది. అలాంటప్పుడు అధికారం ఒక్కరి చేతిలోనే ఉండి, ఆ ఒక్కరు మెయిలు చూడకపోతే, ఏళ్ల పద్యాలూ వాదాలూ దక్కించుకునే దారి ఉండదు. మన దగ్గర రెండో నిర్వాహకులు ఎవరు?

నిర్వాహకుడు:

ఇప్పటికి ఎవరూ లేరు. పాత పాఠకురాలు గారూ, చినుకు గారూ, మీరిద్దరూ ఒప్పుకుంటే ఈ రాత్రే అధికారాలు ఇస్తాను. పూరణలన్నిటి ప్రతి ఒకటి నెలనెలా దించి మన ముగ్గురి దగ్గరా ఉంచుదాం. వచ్చే వారం సమస్య చినుకు గారు ఇస్తారు. తమ్ముడూ, ఆ ‘చదివి మారడం’ మూడో పాదంలోకి తెచ్చి మళ్లీ పంపు, ఎదురుచూస్తుంటాను.